ట్యాగులూ, మా వీధరుగూ

నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను. కూర్చున్నా కాలు ఊపుతూనే ఉంటాను. "కాలు ఊపకే, దరిద్రం" అని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మ అంటూనే ఉంది, నేను ఊపుతూనే ఉన్నాను. కాకినాడలో కంప్యూటర్ల చదువు ముగించుకుని యానాం తిరిగొచ్చిన ఆ సంవత్సరం నా పరిస్థితి మరీ ఘోరం. ఉద్యోగం రాలేదు. హైదరాబాదు పోయి వెతుక్కుంటానంటే నాన్న "చూద్దాం" అన్నారు. మా నాన్న "చూద్దాం" అన్నారంటే ఆ సంగతి ఇక మర్చిపోవచ్చు. కాదు, కుదరదు, వద్దు లాంటి మాటలు ఆయన నోట ఎప్పుడూ రావు. అన్నిటికీ ఆ ఒక్క మాటే. దాంతో పొద్దున లేచింది మొదలు ఇంట్లోంచి వీధిలోకీ, వీధిలోంచి ఇంట్లోకీ తిరగడమే నా పనైపోయింది.

మా ఇల్లు గోదావరి గట్టు రోడ్డులో. కింద మేముండేవాళ్ళం, పైన గదులు అద్దెకిచ్చేవాళ్ళం. నాన్న దాన్ని లాడ్జి అనేవారు, బోర్డు మీద కూడా అలాగే రాయించారు. ఎదుర్లంక బ్రిడ్జి పడకముందు మా లాడ్జికి ఏ లోటూ లేదు. గోదారి దాటించే ఆఖరి పంటు వెళ్ళిపోయి రేవులో ఆగిపోయినవాళ్ళు, సరుకు కోసం వచ్చిన వ్యాపారులు, రొయ్యల చెరువుల వాళ్ళు, అందరూ మా దగ్గరే దిగేవాళ్ళు. బ్రిడ్జి పడింది, ఊరంతా సంబరపడింది, మేమూ వెళ్ళి దాని మీద అటూ ఇటూ నడిచి ఫోటోలు దిగాం. ఆ తర్వాత మా ఊళ్ళో ఎవరికీ ఆగాల్సిన అవసరం లేకపోయింది. ఒక్కో గదికీ తాళం పడుతూ వచ్చింది.

ఇంటి ముందు పొడుగాటి అరుగు ఉంది. సాయంత్రం దీపం పెట్టి, మొహం కడుక్కుని, తల దువ్వుకుని అమ్మ వచ్చి దాని మీద కూర్చునేది. ఎదురింటి అత్తయ్య వచ్చేది. ఆ వరసలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చేరేవాళ్ళు. అడవిపొలం నుంచి వచ్చే పూలావిడ బుట్ట దించి, మిగిలిన కనకాంబరాలు అక్కడే మాలకట్టి, కాసేపు కబుర్లు చెప్పి పోయేది. రోడ్డుకి అవతల గోదారి. గాలి బాగా వచ్చేది. అమ్మకి టీవీ అంటే మోజు లేదు, పేరంటాలకి కూడా ఎవరో బలవంతం చేస్తే తప్ప వెళ్ళదు. రోజంతా ఎవరికి ఏం చేసిపెట్టినా, ఆ కాసేపు మాత్రం ఆవిడని ఎవరూ లేపకూడదు. చిన్నప్పుడు నేను మోకాలు చెక్కుకుని ఏడుస్తూ వచ్చినా "మీ నాన్ననడుగు, పసుపు పెడతారు" అనేది తప్ప లేచేది కాదు.

యానాం అనగానే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి ఏం గుర్తొస్తుందో అందరికీ తెలిసిందే. మాది పాండిచ్చేరి కింద లెక్క. అక్కడి పన్నులే ఇక్కడా. మందు చవక. ఒకరోజు క్రీమ్ కలర్ స్కూటర్ మీద ఒకాయన వచ్చాడు. చేతులు కట్టుకుని, మహా మర్యాదగా మాట్లాడాడు.

"కింద ముందు భాగం మాకిచ్చెయ్యండి బాబుగారూ. బ్రాందీ షాపు పెట్టుకుంటాం. అరుగు కొట్టించేసి షట్టర్ వేయించుకుంటాం, ఆ ఖర్చు కూడా మాదేనండి. ఆయ్. మీరు కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు."

నాన్నకి మోకాళ్ళ నొప్పులు. పైకెక్కి గదులు ఊడ్పించడం, నీళ్ళ ట్యాంకు చూసుకోవడం, ఇవన్నీ చేసిచేసి విసిగిపోయి ఉన్నారు. ఆయన మొహంలో ఆశ కనిపించింది. నేను తప్పుపట్టను. కానీ లోపల్నించి వింటున్న అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"షట్టరేస్తే నేనెక్కడ కూర్చోవాలి?"

"ఇల్లంతా నీదే కదా, ఎక్కడన్నా కూర్చో" అన్నారు నాన్న.

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. అరిస్తే బాగుండేది. ఆ సాయంత్రం అరుగు మీదకి వచ్చి, దాని అంచుని చేత్తో రాస్తూ కూర్చుంది.  అది చూసి నేను లోపలికి వెళ్ళి కోపమంతా నాన్న మీద చూపించాను.

"గదులు నిండితే షాపుతో మీకు పనేంటి? నేను నింపుతాను. అప్పటిదాకా ఆయనకి మాటివ్వకండి."

"ఎలా నింపుతావే? గోదాట్లోంచి పట్టుకొస్తావా జనాన్ని?"

"ఇంటర్నెట్లోంచి పట్టుకొస్తా!"

నాన్న నవ్వారు. "దసరా వెళ్ళేదాకా చూద్దాం" అన్నారు. జీవితంలో మొదటిసారి ఆ మాట నా వైపు పడింది.

సైటు కట్టడం నాకొక లెక్క కాదు. గదుల ఫోటోలు, గోదారి ఫోటోలు, ఫోన్ నంబరు. కింద ఒక కౌంటరు పెట్టాను, ఎవరొచ్చినా అంకె ఒకటి పెరుగుతుంది. పెరిగిందా అని గంటగంటకీ చూసేదాన్ని. పెరిగేది. తర్వాత తెలిసింది, అది నేను చూసినప్పుడల్లా పెరుగుతోందని. మా సైటుకి వస్తున్న ఏకైక అతిథిని నేనే!

అప్పుడు బ్లాగు మొదలుపెట్టాను. ఆ రోజుల్లో తెలుగు బ్లాగులంటే జనానికి ఒక ఊపు. పులస పులుసు గురించీ, పంటు మీద గేదెలు దాటిన కాలం గురించీ, మా ఊళ్ళో ఇంకా ఫ్రెంచి పింఛను తీసుకునే తాతల గురించీ టపాలు రాసేదాన్ని. ప్రతి టపా చివరా మా లాడ్జి సైటుకి లంకె, బ్లాగుకీ ఒక కౌంటరు. నాకు నేనే మురిసిపోయేదాన్ని. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసే ఒక బ్లాగరు మాత్రం వచ్చి వ్యాఖ్యలు రాసేవారు. ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఒకరోజు ఆయనే అడిగారు.

"బాగా రాస్తున్నారండీ. కానీ ట్యాగులేవీ? ట్యాగు లేకపోతే బోర్డు లేని కొట్టు. లోపల సరుకు ఎంతున్నా ఎవడికి తెలుస్తుంది? టపా దేని గురించో ఆ మాటలు కింద తగిలించండి. ట్యాగుల ప్రకారం బ్లాగులు చూపించే సైట్లున్నాయి, వెతికేవాళ్ళు ఆ మాట నొక్కి మీ దగ్గరికి వస్తారు."

ఇంత చిన్న కిటుకా అనుకున్నాను. రెచ్చిపోయాను. పులస టపాకి పులస, చేప, గోదావరి, వర్షాకాలం అని తగిలించాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఆ వారం విడుదలైన సినిమా పేరు, అందులో హీరో పేరు, హీరోయిన్ పేరు, క్రికెట్టు, జాతకం, ఉద్యోగాలు, నోటికొచ్చినవన్నీ పెట్టేశాను. తెల్లారేసరికి కౌంటరు పరిగెత్తింది. తస్సాదియ్యా! ఇల్లంతా అరుచుకుంటూ తిరిగి నాన్నని లాక్కొచ్చి చూపించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, పెట్టుకుని, వంగి చూశారు.

"ఇంతమంది వచ్చారా?"

"మరి!"

"అయితే ఫోన్ మోగదేంటే?"

ఫోన్ ఎలా మోగుతుంది? హీరో కోసం వచ్చినవాడికి చేప కనిపిస్తే రెప్పపాటులో వెనక్కి పోతున్నాడు. హైదరాబాదు ఆయన అయితే మొహం మీదే రాశారు: "మీ పులసకీ ఆ హీరోకీ ఏం చుట్టరికమండీ? వచ్చినవాడు తిట్టుకుంటూ పోతాడు, ఇంకోసారి మీ పేరు కనబడినా నొక్కడు." రోషమొచ్చింది. రెండు రోజులు ఆయన వ్యాఖ్యకి జవాబు రాయలేదు. ట్యాగులు మాత్రం ఆ పూటే పీకేశాను.

ఈసారి బుద్ధిగా అన్ని టపాలకీ 'యానాం' అని ఒక్కటే పెట్టాను. ఏ మాటలు వెతికి జనం మన దగ్గరికి వచ్చారో చూపించే పేజీ ఒకటుండేది. తెరిచి చూశాను. ఓరి నాయనో! ఏ బ్రాందీ ఎంత, ఏ విస్కీ ఎంత, కాకినాడ నుంచి ఆఖరి బస్సు ఎన్నింటికి, బోర్డరు దగ్గర సీసాలు పట్టుకుంటారా. అన్నీ ఇవే. పంటు మీద గేదెలు దాటిన టపా కింద ఒక పెద్దమనిషి వ్యాఖ్య కూడా రాశాడు, "మేడమ్, బాగుంది, రేట్లు కూడా పెడితే అందరికీ ఉపయోగం" అని. నా ఒళ్ళు మండిపోయింది. బ్రాందీ షాపు రాకుండా చెయ్యాలని నేను రాస్తుంటే, నా రాతలు పట్టుకుని బ్రాందీ షాపుకి దారి వెతుక్కుంటున్నారు. స్కూటరాయన అప్పుడప్పుడూ మా ఇంటి ముందు బండి నెమ్మది చేసి, అరుగు వైపు ఒక చూపు చూసి, నాన్నకి దణ్ణం పెట్టి పోతుండేవాడు. అమ్మ ఆయన బండి చప్పుడు దూరం నుంచే గుర్తుపట్టేది. అది వినబడగానే మాట్లాడుతున్న మాట ఆపేసేది.

మందు కోసం కాకుండా ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళు కావాలి. బాగా ఆలోచించి 'పాండిచ్చేరి' అని కూడా తగిలించాను. అందులో అబద్ధం ఏముంది? మా రేషన్ కార్డు మీద పాండిచ్చేరి, మా బండ్ల నంబరు ప్లేట్ల మీద పాండిచ్చేరి, నా బర్త్ సర్టిఫికెట్ మీద పాండిచ్చేరి. పుట్టినప్పటి నుంచీ అడ్రసు అలాగే రాస్తున్నాను, చెయ్యి అలవాటుపడిపోయింది. యానాంలో పుట్టినవాళ్ళెవరైనా అదే చేసేవాళ్ళు.

ఫోన్ మోగింది! బెంగుళూరులో ఉండే తెలుగువాళ్ళు. సెలవలకి వస్తాం, గది అట్టేపెట్టండి అన్నారు. నేను గదికి కొత్త దుప్పట్లు వేయించాను. అమ్మ పై మెట్లు స్వయంగా కడిగింది. వాళ్ళు వస్తామన్న రోజు మధ్యాహ్నం మళ్ళీ ఫోన్.

"మేడమ్, వచ్చేశాం. బస్టాండులో ఉన్నాం. మీ లాడ్జి ఎటండీ?"

"ఆటో ఎక్కి గోదావరి గట్టు అనండి చాలు, తీసుకొచ్చేస్తాడు."

"అడిగామండీ. ఇక్కడ గోదావరి లేదంటున్నాడు."

"లేకపోవడమేంటండీ! ఎవడా ఆటో అబ్బాయి? తెలుగు రాదా?"

"రాదండీ. తమిళం."

అప్పటికి వెలిగింది నాకు. కొంప మునిగిందనుకున్నాను.

"అండీ... మీరు పాండిచ్చేరిలో ఉన్నారా?"

"మరి మీ బ్లాగులో పాండిచ్చేరి అనేగా ఉంది! ఇక్కడికి మీ లాడ్జి ఎంత దూరం?"

"ఒక రాత్రంతా రైలండీ" అన్నాను. "ఆపైన బస్సు."

అవతల వెనక నుంచి వాళ్ళావిడ గొంతు వినబడింది: "నే చెప్పానా, ఫోటోల్లో సముద్రమే లేదని!" ఆ తర్వాత ఆయన నన్ను తిట్టిన తిట్లు రాయను. అన్నీ న్యాయమైనవే.

నాన్న నవ్వీ నవ్వీ మంచానికి ఒరిగిపోయారు. "గోదావరి లేదన్నాడా! ఎంత మాటన్నాడే!" అని మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. అమ్మ మాత్రం "నవ్వుతారేంటండీ, చంటిపిల్లలతో దిగారేమో పాపం" అంది. నాకు ఏడుపొచ్చింది. పెరట్లోకి పోయి ఏడ్చాను, మొహం కడుక్కున్నాను, పాండిచ్చేరి ట్యాగు పీకేద్దామని వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. పీకేముందు ఆ వెతికిన మాటల పేజీ ఒకసారి చూశాను.

బెంగుళూరువాళ్ళలాంటి వాళ్ళు కొందరున్నారు. కానీ వాళ్ళతో పాటు ఇంకో రకం మాటలు కూడా ఉన్నాయి, అన్నీ ఇంగ్లీషులో. యానాంలో అద్దె ఇల్లు. యానాంలో స్కూలు. యానాం ట్రాన్స్‌ఫర్. యానాంలో ఇడ్లీ దొరుకుతుందా. ఇవన్నీ వెతికినవాళ్ళ ఊరు పాండిచ్చేరి.

నేను లేచి ఇల్లంతా రెండు చుట్లు తిరిగాను. ఇంత చిన్న విషయం ఇన్నాళ్ళూ తట్టలేదే! మా ఊరి ఆఫీసులకి సగం మంది అక్కడి నుంచే బదిలీ మీద వస్తారు. అక్కడివాళ్ళకి యానాం వేశారంటే అడవికి పంపినట్టే. మా అరుగు మీది ఆడవాళ్ళు అలాంటివాళ్ళని వీధి మొదట్లోనే గుర్తుపట్టేసేవాళ్ళు. ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో చెమట తుడుచుకునే రుమాలు. గోదారి వంక ఒకసారి చూసి, ఉస్సురని, కాఫీ ఎక్కడ దొరుకుతుందా అని కళ్ళతో వెతుక్కుంటాడు. "ఇదిగో, ఇంకో పాండిచ్చేరాయన దిగాడు" అనేది ఎదురింటి అత్తయ్య. "పాపం, మొహం ఎలా వేలాడిపోయిందో చూడండి" అనేది అమ్మ. రోజూ వింటున్న మాటలే. నా చెవులే పనిచెయ్యలేదు.

ఆ రోజే ఇంగ్లీషులో ఒక టపా రాశాను. మీకు యానాం వేశారా, కంగారు పడకండి అని మొదలుపెట్టి, పాలు ఎక్కడ, బడి ఎక్కడ, కరెంటు ఎప్పుడు పోతుంది, ఫిల్టరు కాఫీ పొడి ఏ కొట్లో దొరుకుతుంది, ఏ ఆటోవాడు అరవంలో నాలుగు మాటలు అర్థం చేసుకుంటాడు, అన్నీ రాశాను. ఇల్లు దొరికేదాకా మా దగ్గర ఉండండి అన్నాను. కింద ట్యాగులు: పాండిచ్చేరి, యానాం, బదిలీ, కుటుంబాలకు గదులు. చివరి ట్యాగు టైపు చేస్తున్నప్పుడు వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన వచ్చింది. 'ఇంటి భోజనం' అని కొట్టాను, టపాలోనూ ఆ మాటతో ఒక వాక్యం చేర్చాను.

ముందు ఒక బడి మాస్టారు ఫోన్ చేశారు. తమిళం, ఇంగ్లీషు కలిపి మాట్లాడారు, నేను తెలుగు, ఇంగ్లీషు కలిపి జవాబిచ్చాను. గది గురించి పెద్దగా అడగలేదు. "ఇంటి భోజనం అని రాశారు. రసం ఉంటుందా? కారం తగ్గించి పెడతారా? మా పాప తినదు" అన్నారు. వంటింట్లోకి కేకేసి అమ్మనడిగాను. "దానిదేముందే, చిన్నపిల్లకి నేను కారం పోస్తానా?" అంది. మాస్టారు, ఆయన భార్య, పాప వచ్చారు. వాళ్ళావిడ మొదటి రోజు గది తలుపు వేసుకుని ఏడ్చిందట. అమ్మ రసం చేసి పైకి పంపింది. మర్నాడు ఆవిడ కిందకి దిగి, ఏం చెప్పాలో తెలియక, ఖాళీ గిన్నె చూపించి నవ్వింది.

తర్వాత ఫోన్ ఆగలేదు. మాస్టారు తన బడిలో చెప్పారు, వాళ్ళు ఇంకెవరికో చెప్పారు, మిగతావాళ్ళు ట్యాగు నొక్కుకుంటూ వచ్చారు. దసరాకల్లా పైన అన్ని గదుల్లోనూ దీపాలు వెలిగాయి. నాన్న మోకాళ్ళ నొప్పి మర్చిపోయి మెట్లెక్కుతున్నారు, కొత్త ట్యూబ్‌లైట్లు వేయించారు, బోర్డుకి రంగు కొట్టించారు. స్కూటరాయన వచ్చి "ఏం ఆలోచించారు బాబుగారూ?" అంటే, నాన్న మీసం సవరించుకుని "చూద్దాం" అన్నారు. లోపల నేను ఎగిరి గంతేశాను.

గెలిచాను కదా, ఇక కుదురుగా ఉండొచ్చు. నావల్ల అయితేనా! కౌంటరు నిన్నటి కంటే తగ్గితే నాకు అన్నం సయించేది కాదు. కొత్త టపా, కొత్త ట్యాగు, ఏ ట్యాగుకి ఎంతమంది వచ్చారు, దేన్ని ముందు పెడితే ఎక్కువ వస్తారు. అన్నిటికంటే ఎక్కువ మందిని తెచ్చేది 'ఇంటి భోజనం'. దాన్ని అన్ని టపాలకీ అతికించాను. పంటు మీద గేదెల టపాకి కూడా. ముందు గదిలో, కిటికీకి వీపు పెట్టి, కాలు ఊపుకుంటూ రోజుకి ఎంతసేపు కూర్చునేదాన్నో నాకే తెలియదు. కిటికీ అవతలే అరుగు.

ఒక సాయంత్రం ఎదురింటి అత్తయ్య కిటికీలోంచి తొంగిచూసింది.

"ఏమ్మా, మీ అమ్మకి ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందే. ఏం అత్తయ్యా?"

"ఏం లేదు. అరుగు మీదకి రావడం మానేసింది కదా, అడిగానంతే. పూలావిడ కూడా ఇటు రావట్లేదు. ఎవరున్నారని వస్తుంది?"

నేను వెనక్కి తిరిగి చూశాను. అరుగు ఖాళీగా ఉంది. దాని మీద గోదారి గాలికి కొట్టుకొచ్చిన ఇసక పేరుకుని ఉంది. ఊడ్చి చాలా రోజులైనట్టుంది.

వంటింట్లోకి పరిగెత్తాను. అమ్మ పెద్ద డేగిసా ముందు నిలబడి ఉంది. ఒక పక్క సాంబారు, ఒక పక్క కారం లేని కూర, ఇంకోపక్క మజ్జిగ. తల దువ్వుకోలేదు. జాకెట్టు చెమటకి తడిసి వీపుకి అతుక్కుంది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం పిల్లలకి ఏదో ఒకటి, మళ్ళీ భోజనం. ఇవన్నీ నేను రోజూ చూస్తూనే ఉన్నాను. వచ్చి ప్లేటు పట్టుకుని తింటూనే ఉన్నాను.

"అమ్మా, అరుగు మీదకి ఎందుకు రావట్లేదు?"

"ఇప్పుడెక్కడ కుదురుతుందే? చివరి గదాయన తొందరగా తింటాడు."

"మానెయ్! వంట మానెయ్ నువ్వు!"

"ఏంటే ఆ అరుపులు, పైకి వినబడతాయి. లాడ్జి నిండింది కదా. మీ నాన్న మొహం చూశావా, ఎంత బాగుందో? నాకేం కష్టం లేదులే."

"నేను లాడ్జి నింపింది నువ్వు అరుగు మీద కూర్చోడానికే! ఇలా పొయ్యి ముందు చావడానికి కాదు!"

"అరుగెక్కడికి పోతుందే" అంది అమ్మ గరిటె తిప్పుతూ. "ఉంది కదా. అది చాలు."

అది చాలు అన్నప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు. నాకు దుఃఖం, కోపం కలిసి ముంచుకొచ్చాయి. ముందు గదిలోకి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఒక్కో టపా తెరవడం, 'ఇంటి భోజనం' తీసెయ్యడం, మళ్ళీ సేవ్ చెయ్యడం. ఆ నెట్టు కదిలితేనా! ఒక్కో పేజీ తెరుచుకునేదాకా కాలు ఊపుతూ, నెట్టునీ, కరెంటునీ, నన్నూ కలిపి తిట్టుకున్నాను. బదిలీ టపాలో భోజనం మాట ఉన్న వాక్యం కొట్టేసి, వంట చేసుకోవడానికి వీలుంది, భోజనం మాత్రం ఉండదు అని రాశాను.

నాన్న వచ్చి చూసి అదిరిపడ్డారు. "మతిపోయిందా నీకు? వాళ్ళు వస్తోందే ఆ తిండి కోసం! చేజేతులా పోగొట్టుకుంటావా?"

"అమ్మ సాయంత్రాలు అరుగు మీదకి రావట్లేదు. మీరు చూశారా నాన్నా?"

 ఆయనా చూడలేదు. వీధిలోకి వెళ్ళి, అరుగు దగ్గర కాసేపు నిలబడి వచ్చారు. చేతికంటిన ఇసక దులుపుకుంటూ "వెనక వరండాలో ఒక గ్యాస్ పొయ్యి పెట్టించాలి" అన్నారు. "వండుకునేవాళ్ళు వండుకుంటారు."

పైవాళ్ళకి నేనే వెళ్ళి చెప్పాను. కొందరు గొణిగారు. చివరి గదాయన నెల తిరక్కుండా అగ్రహారంలో మెస్సు పక్కన ఇల్లు చూసుకుని వెళ్ళిపోయాడు. మాస్టారి భార్య మాత్రం మొహం వెలిగిపోతూ తన ప్రెషర్ కుక్కరు కిందకి తెచ్చేసింది. ఇన్నాళ్ళూ అడగడానికి మొహమాటపడిందట, మా అమ్మ సాంబారులో బెల్లం ఎక్కువని. అమ్మ విని నోరు వెళ్ళబెట్టి, తర్వాత పడీపడీ నవ్వింది.

కౌంటరు పడిపోయింది. ఫోన్ తగ్గింది. వెళ్ళినవాళ్ళ గదుల్లో కొన్ని అలాగే ఉండిపోయాయి. పైన వరసలో చీకటి కిటికీలు మళ్ళీ కనబడసాగాయి. నేను రోజూ వాటిని చూస్తూ, ట్యాగు తిరిగి పెట్టనా వద్దా అని గోళ్ళు కొరుక్కునేదాన్ని. చీకటి కిటికీలు నాకే కాదు, రోడ్డు మీద పోయేవాళ్ళకి కూడా కనబడతాయి.

సాయంత్రం దీపాలు పెట్టాక ఆ బండి చప్పుడు వినబడింది. అమ్మ అరుగు మీద ఉంది. పక్కన మాస్టారి భార్య, ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకపోయినా కనకాంబరాల మాల చెరో వైపు నుంచీ కడుతున్నారు. ఎదురింటి అత్తయ్య, పూలావిడ, పూలావిడ బుట్ట. మాస్టారి పాప అరుగు చివర పడుకుని చాక్‌పీసుతో అరుగు మీద గీతలు గీస్తోంది. అమ్మ మాట్లాడుతున్న మాట ఆపేసింది. దారం పట్టుకున్న చెయ్యి కూడా ఆగిపోయింది.

స్కూటరాయన బండి దిగాడు. పైకి చూశాడు, చీకటి కిటికీలు ఒకటొకటిగా చూశాడు, చేతులు కట్టుకున్నాడు.

"పరిస్థితి చూత్తున్నానండి బాబుగారూ. ఇప్పుడేమంటారు మరి, ఈ ముందు భాగం సంగతి?"

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన "చూద్దాం" అంటారని నాకు తెలుసు. ఈసారి ఆ మాటకి అర్థం ఏమవుతుందో మాత్రం తెలియదు.  నాన్న పైకి చూడలేదు. అరుగు వైపు చూశారు, ఈ చివర నుంచి ఆ చివర దాకా, పూలబుట్టనీ, పాపనీ, అమ్మనీ.

"ఖాళీ లేదండీ" అన్నారు.

స్కూటరాయనకి అర్థం కాలేదు. "పైన గదులు కాదండి బాబుగారూ, నేనడిగేది ఈ..."

"అదే చెప్తున్నా. ఖాళీ లేదు. ఇంకెప్పుడూ ఉండదు."

స్కూటరాయన ఆయ్ అని, దణ్ణం పెట్టి, బండి ఎక్కి వెళ్ళిపోయాడు. అమ్మ నాన్న వైపు తలెత్తి చూసింది.  ఆగిన చెయ్యి మళ్ళీ కదిలింది. కాసేపటికి కిటికీలోంచి నన్ను పిలిచింది.

"ఏవే, ఆ పెట్టె కట్టేసి ఇలా వచ్చి కూర్చో."

కంప్యూటరు కట్టేశాను. వెళ్ళి అమ్మ పక్కన, సందు చేసుకుని కూర్చున్నాను. గోదారి మీది నుంచి గాలి వస్తోంది. కూర్చున్న మరుక్షణం నా కాలు ఊగడం మొదలైంది. కాలు ఊపకు అంటుందని చూశాను. అనలేదు. దారం పక్కన పెట్టి, తన చెయ్యి నా మోకాలి మీద వేసి, కబుర్లలో పడి అక్కడే ఉంచేసింది.